సంఘం గడప దగ్గర ఆగిన దాసుడు

బౌద్ధం కులాన్ని కూలదోసిందా, కులంతో కాపురం చేసిందా అన్న తగవు మళ్లీ రాజుకుంది. కాపురం చేసిందనేవాళ్లు ముందుగా చూపించేది నాసిక్ శాసనం. శాతవాహన రాజు పులుమావి 19వ పాలనా సంవత్సరంలో, నాసిక్ దగ్గరి త్రిరశ్మి కొండ 3వ గుహలో వేసిన ఆ శాసనంలో గౌతమీ బాలశ్రీ తన కొడుకు గౌతమీపుత్ర శాతకర్ణిని 'ఏకబ్రాహ్మణుడు', అంటే సాటిలేని బ్రాహ్మణుడు అంది, నాలుగు వర్ణాల సంకరాన్ని ఆపినవాడని పొగిడింది. అదే శాసనంతో ఆ గుహను దానమిచ్చింది బౌద్ధ భిక్షువులకు! నాగార్జునకొండనూ సాక్ష్యానికి పిలుస్తారు. ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధం చేస్తే, ఆయన సోదరి చాంతిసిరి అక్కడి బౌద్ధ స్తూపం మహాచైత్యాన్ని పోషించింది.

సాక్ష్యాలు గట్టివే. కానీ కథ అక్కడ మొదలు కాలేదు. మలుపు అంతకు అయిదారు వందల ఏళ్ల ముందే, మగధలో వచ్చింది.

భిక్షువుల నియమాల గ్రంథం వినయపిటకం చెప్పే సంగతి ఇది. మగధ రాజు బింబిసారుడి రాజ్యం సరిహద్దులో అలజడి రేగింది. యుద్ధానికి వెళ్లాల్సిన యోధుల్లో కొందరు, చంపడం పాపమని తలచి భిక్షువులైపోయారు. రాజు బుద్ధుడి దగ్గరికి వచ్చి, శ్రద్ధ లేని రాజులు ఇలాంటివాటికే భిక్షువులను బాధపెడతారని, రాజభటులను చేర్చుకోవద్దని కోరాడు. బుద్ధుడు సరేనన్నాడు. ఆ వరసలోనే అప్పున్నవాడికీ తలుపు మూసుకుంది. పారిపోయి వచ్చి భిక్షువైన ఒక దాసుణ్ణి యజమానులు గుర్తుపట్టారు, జనం గొణిగారు. దాసుడికీ ప్రవ్రజ్య, అంటే భిక్షువుగా చేరే దీక్ష, లేదన్న నియమం వచ్చింది.

నా దృష్టిలో తర్వాతి చరిత్రకంతా తాళంచెవి ఇదే. భిక్షుసంఘం గడప దాటి లోపలికి వచ్చినవాడికి కులం లేదు. శాక్య రాజకుమారులు తమ మంగలి ఉపాలికి ముందు దీక్ష ఇమ్మని అడిగారు, తమ కులగర్వం అణగాలని, అతనికి తామే మొక్కాలని. మహానదులు సముద్రంలో కలిసి పేర్లు పోగొట్టుకున్నట్టు నాలుగు వర్ణాలూ సంఘంలో పేర్లు పోగొట్టుకుంటాయన్నాడు బుద్ధుడు. ఆ రోజుల్లో ఈ మాట అనడానికి ఎంత గుండె కావాలి! అయితే గడప ఎవరు దాటవచ్చో తేల్చడంలో మాత్రం రాజుకీ, అప్పిచ్చినవాడికీ, దాసుల యజమానికీ మాట చెల్లింది. భిక్ష పెట్టేది ఊరు, గుహ తొలిపించేది రాజు. ఊరి కట్టుబాటు జోలికి సంఘం వెళ్లలేదు. బాలశ్రీ శాసనంలో వర్ణరక్షణ, భిక్షుదానం పక్కపక్కనే ఇమిడిపోయింది అందుకే.

అలాగని కాపురం వాదానికి పూర్తిగా తలూపలేం. అమరావతి స్తూపానికి పూర్ణఘటం చెక్కిన ఫలకను ఇచ్చినవాడు చర్మకారుడు విధికుడు. ఉపాధ్యాయుడు నాగుడి కొడుకునని, తన వృత్తిని దాచకుండా, ఇంటిల్లిపాదితో కలిపి రాతి మీద చెక్కించుకున్నాడు. తోలుపని చేసే ఇంట్లో ఉపాధ్యాయుడు! అలాంటి గౌరవాన్ని రాతికెక్కించడానికి స్తూపం చోటిచ్చింది. 2018లో ఆంధ్రప్రదేశ్ తీసుకున్న రాజముద్రకు ఆ పూర్ణఘటమే ప్రేరణ.

గడప బయట మిగిలిపోయిన ఈ లోటును అందరికంటే సూటిగా పట్టుకున్నది అంబేడ్కర్. సంఘంలో చేరేవాడికి దీక్ష ఉంది, సంసారికి ప్రత్యేకంగా ధమ్మదీక్ష, అంటే బుద్ధుడి ధర్మంలో చేరే దీక్ష, లేదు, అది పెద్ద లోపమని, భారతదేశంలో బౌద్ధం క్షీణించడానికి అదీ ఒక కారణమని ఆయన రాశారు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో 22 ప్రతిజ్ఞలు చేయించారు. ఏ క్రతువూ బ్రాహ్మణులతో చేయించుకోనన్నది ఎనిమిదోది. సమానత్వాన్ని నెలకొల్పడానికి పాటుపడతానన్నది పదోది. అక్కడ నిలబడి వాటిని పలికిన లక్షలమంది భిక్షువులు కారు, పిల్లాపాపలతో వచ్చిన సంసారులు.