బ్లూస్ మాలీలోనే పుట్టిందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను బ్లూస్ గిటార్ నేర్పిస్తాను. బ్లూస్ అంటే అమెరికా నల్లవాళ్ల సంగీతం. కొత్తగా చేరేవాళ్లలో ఎవరో ఒకరు పశ్చిమ ఆఫ్రికాలోని మాలీ దేశపు గిటారిస్ట్ అలీ ఫర్కా టూరే పాట విని వచ్చి, "సార్, బ్లూస్ అసలు మాలీదేనట కదా" అంటారు. సగమే నిజం.

అపోహ: ఆఫ్రికా నుంచి వచ్చింది డ్రమ్ముల దరువు మాత్రమే.

దీనికే నాకు ఎక్కువ చిరాకు. 1739లో సౌత్ కరోలినాలోని స్టోనో దగ్గర బానిసలు డ్రమ్ములు మోగిస్తూ తిరగబడ్డారు. మరుసటి ఏడాదే డ్రమ్ములు, కొమ్ముబూరలు వాడకూడదని చట్టం తెచ్చారు. తీగ వాయిద్యాల జోలికి మాత్రం అంతగా పోలేదు, ఎందుకంటే దొరల ఇళ్లలో డాన్సులకు ఫిడేలు వాయించేది చాలాచోట్ల ఆ బానిసలే. సెనెగల్, గాంబియా వైపు నుంచి తెచ్చినవాళ్లకు తీగలు కొత్తేమీ కాదు. అక్కడి జోలా జనం వాయించే అకోంటింగ్ చూడండి, ఆనపకాయ బుర్రకు తోలు బిగించి మూడు తీగలు కడతారు, పొట్టి తీగను బొటనవేలు మోగిస్తుంటే పొడుగు తీగను చూపుడువేలి గోరుతో కిందికి కొడతారు. అమెరికా తీగ వాయిద్యం బాంజోను పాతకాలంలో వాయించే పద్ధతీ ఇదే. ఇక బ్లూస్‌కు ఆ రంగు తెచ్చే బ్లూ నోట్ సంగతి, గమకం తెలిసిన మనవాళ్లకు చెప్పడం తేలిక: రెండు గాంధారాల మధ్య ఎక్కడో ఊగే స్వరం, పియానోలో దానికి మెట్టు లేదు.

అపోహ: కోరా నుంచే గిటార్ వచ్చింది.

కాదు. కోరా పశ్చిమ ఆఫ్రికా వాయిద్యం, దానికి 21 తీగలు, అది హార్ప్‌కు దగ్గర చుట్టం. గిటార్ వచ్చింది స్పెయిన్ వైపు నుంచి.

అపోహ: పన్నెండు బార్ల బ్లూస్ ఆఫ్రికాదే.

బార్ అంటే మన తాళంలో ఆవర్తనం లాంటిది, కార్డ్ అంటే ఒకేసారి మోగించే కొన్ని స్వరాలు. ఈ బ్లూస్‌లో వాడే మూడు కార్డ్‌ల నడక యూరప్ సంగీతంలోది, దాన్ని పన్నెండు బార్లలో ఇలా కుదిర్చింది అమెరికా నల్లవాళ్లు. మాలీకి దగ్గరగా వినిపించేది ఒకే కార్డ్ మీద నడిచే మిసిసిపీ పాటలు, అమెరికా బ్లూస్ గాయకుడు జాన్ లీ హుకర్‌వి లాంటివి. అలీ ఫర్కా మొదట ఒంటి తీగ వాయిద్యంతో మొదలుపెట్టాడు, గిటార్ తర్వాత. హుకర్ రికార్డులు విని ఇది మా సంగీతమే అన్నాడు. కానీ ఆ రికార్డులు మాలీ చేరాక అక్కడి గిటార్ కూడా మారింది కదా, అందుకే ఇవాళ్టి ఎడారి బ్లూస్‌ను, అంటే మాలీ వైపు గిటార్ సంగీతాన్ని, వినిపించి "ఇదిగో మూలం" అంటే నేను ఒప్పుకోను.

ఇంకోటి. అన్నీ పశ్చిమ ఆఫ్రికా ఖాతాలో వేసేయకండి. మిసిసిపీ పిల్లలు గోడకు ఒక తీగ బిగించి, సీసా జారిస్తూ వాయించిన డిడ్లీ బోకు దగ్గరి పోలికలు మధ్య ఆఫ్రికాలో దొరికాయి. ఇంట్లో చేసుకోవచ్చు, రెండు మేకులు, ఒక ఇనుప తీగ చాలు. తీగ తెగితే మొహం మీదికే వస్తుంది, కాస్త పక్కకు కూర్చోండి.