తిరగరాస్తే ‘ఫీల్’ పోతుందా? కొత్తగా కథలు రాసేవారి అపోహలు - వాస్తవాలు

పోయిన నెల ఒకమ్మాయి ఫోన్ చేసింది. టీచరు ఉద్యోగం. కథలు రాయడం ఈమధ్యే మొదలుపెట్టింది. రెండు పత్రికల నుంచి కథ తిరిగొచ్చిందట. "నాకిక రాయడం రాదేమో సార్" అంటుంటే గొంతు పూడుకుపోయింది. ఎన్నిసార్లు రాశావమ్మా అని అడిగాను. "ఒక్క రాత్రిలో వచ్చేసింది సార్. మళ్లీ ముట్టుకుంటే ఫీల్ పోతుందని అలాగే పంపేశాను" అంది.

పదిహేనేళ్లుగా కథల పేజీ చూస్తున్నాను. కొత్తవాళ్లను ఇంతగా దెబ్బతీసిన అపోహ ఇంకోటి లేదు. మంచి కథ ఒక్క ఊపులో రావాలని, దిద్దాల్సి వచ్చిందంటే సరుకు లేనట్టేనని ఎవరు పుట్టించారో గానీ, దాన్ని నమ్మి ఎంతమంది కలం పక్కన పడేశారో. తిరిగొచ్చింది వాళ్ల చిత్తుప్రతి. వాళ్లేమో తమకు ప్రతిభే లేదనుకుంటారు.

గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. మనమంతా చదువుకున్నది మాత్రం 1909 నాటి రెండో కూర్పు. ఈ రెండింటి మధ్య పన్నెండేళ్లున్నాయి. దాదాపు కొత్త నాటకమన్నంతగా తిరగరాశారాయన. మధురవాణి అంత మనిషిగా ఎదిగింది ఆ తిరగరాతలోనే. ఫీల్ ఎక్కడ పోయింది?

ఆ అమ్మాయి కథ తెప్పించుకుని చదివాను. మిషన్ కుట్టే తల్లి చీటీ డబ్బు కొడుక్కి తెలియకుండా బియ్యం డబ్బాలో దాస్తుంది. గట్టి కథ. కానీ అసలు కథ మూడో పేజీలో మొదలైంది. ముందు రెండు పేజీలూ తెల్లవారడం, బస్సు, ఊరి వర్ణన. రాసేటప్పుడు అవి ఆమెకు అవసరమే, వాటి మీదుగానే ఆ డబ్బా దగ్గరికి చేరింది. చదివేవాళ్లకు అక్కర్లేదు. చివర్లో తల్లి మనసు గురించి రాసిన పేరా కూడా అంతే. ఆవిడ డబ్బా మూత గట్టిగా నొక్కినప్పుడే మనకు అర్థమైపోయింది.

రాశాక పది పదిహేను రోజులు పక్కన పెట్టండి. తర్వాత పైకి చదవండి. నోరు తడబడిన వాక్యం దగ్గర గుర్తు పెట్టుకోండి. ఆపైన పాత కాగితాలు మూసేసి మొదటి నుంచి రాయండి. ప్రాణమున్న ముక్కలు వాటంతట అవే గుర్తొస్తాయి.

నా మొదటి కథ మా నాయనమ్మ గురించి. ఒక పెద్దాయన నాలుగో పేజీలో పెన్సిల్‌తో గీత గీసి, "ఇక్కణ్ణుంచి మొదలుపెట్టు బాబూ" అన్నారు. అవమానంగా అనిపించి రెండేళ్లు దాన్ని ముట్టుకోలేదు. చివరికి ఆ గీత దగ్గర్నుంచే రాశాను, అచ్చయింది. అప్పటికి నాయనమ్మ లేదు. ఫీల్ పోతుందన్న మాట విన్నప్పుడల్లా నాకు ఆ రెండేళ్లే గుర్తొస్తాయి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. మా యాస కథకు పనికిరాదని ఇప్పటికీ అంటున్నారు. రావిశాస్త్రి విశాఖ మాటలో, నామిని చిత్తూరు మాటలో రాసి ఎన్నేళ్లయింది! మీ ఇంట్లో మాట్లాడుకునేదే రాయండి. కొసమెరుపు తప్పనిసరేం కాదు. అంతా కల అని ఆఖర్లో తేల్చే కథలైతే దయచేసి వద్దు. డబ్బు కడితే సంకలనంలో వేస్తామనేవాళ్లకు రూపాయి కూడా పంపకండి.

తెలిసినవాళ్లుంటేనే వేస్తారన్న పుకారుతో విసిగిపోయాను. నేను వేసుకున్న కథల్లో ఎక్కువ భాగం నేను ముఖం కూడా చూడనివాళ్లవి. అయితే ఒకే కథను ఒకేసారి రెండుచోట్లకు పంపకండి. మరెక్కడా పరిశీలనలో లేదని హామీపత్రంలో సంతకం పెట్టేది మీరే కదా.

ఇక జవాబు రాలేదని రోజూ టెన్షన్ పడకండి. పత్రిక చెప్పిన గడువు దాటితే ఒక మెయిల్ పెట్టి అడగండి. మేమేమీ అనుకోం.