ఒంట్లో కరగడానికే పుట్టిన గాజు: అపోహలు - వాస్తవాలు

బయోయాక్టివ్ గ్లాస్ అంటే ఎముకలోని ఖాళీల్లో నింపే, ఒంట్లో మెల్లగా కరిగే గాజు. దాన్ని కరిగించి పోయడం, నానబెట్టి పరీక్షించడం నా పని. ఆ మాట చెప్పగానే చాలామంది ముందు అడిగేది, "ఎముకలో గాజు పెడతారా?" అని. ఆ భయంలో తప్పేమీ లేదు.

అపోహ: ఏ గాజైనా ఒకటే. ఒంట్లో గుచ్చుకుంటుంది, శరీరం దాన్ని బయటికి నెట్టేస్తుంది.

వాస్తవం: కిటికీ అద్దంలో సిలికా 70 శాతం పైనే. అందుకే ఎన్ని వానలు కురిసినా చెక్కుచెదరదు. మొదటి బయోయాక్టివ్ గ్లాస్ అయిన 45ఎస్5లో బరువు ప్రకారం సిలికా 45 శాతమే. మిగతాది సోడియం ఆక్సైడ్, కాల్షియం ఆక్సైడ్ చెరో 24.5, ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ 6. తడి తగిలితే ఇది ఊరుకోదు. పైపైన ఉన్న సోడియం బయటికి వెళ్లిపోతుంది, సిలికా జెల్ పొర మిగులుతుంది. దానిమీద కాల్షియం, ఫాస్ఫేట్ చేరి ఎముకలోని ఖనిజం లాంటి పొర కడతాయి. కొత్త ఎముక అతుక్కునేది ఆ పొరకే.

రక్తంలోని లవణాలను పోలిన ద్రావణంలో, 37 డిగ్రీల దగ్గర దీన్ని నానబెడతాం. నిగనిగలాడే ముక్క కొన్నాళ్లకు సుద్ద పూసినట్టు తెల్లబడుతుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో పెడితే కాలీఫ్లవర్ గుత్తులే! ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. 1969లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో లారీ హెంచ్ బృందం ఎలుకల తొడ ఎముకల్లో ఈ గాజు పెట్టింది. ఆరు వారాల తర్వాత తీద్దామంటే ఊడి రాలేదు.

అపోహ: ఇది ఉంటే ప్లేట్లు, రాడ్లు అక్కర్లేదు.

వాస్తవం: అక్కరే. ఇది పెళుసు. గుళికలుగానో పుట్టీగానో ఖాళీని నింపుతుంది, బరువు మోయలేదు. రంధ్రాలున్న దిమ్మెగా చేద్దామని 45ఎస్5 పొడిని వేడిచేస్తే గాజు కాస్తా స్ఫటికంగా మారి, చురుకు తగ్గుతుంది. మా రంగంలో ఇంకా తీరని పెద్ద బాధ ఇదే. 13-93 లాంటి వేరే పాళ్ల గాజులు వచ్చింది కూడా ఇందుకే.

అపోహ: ఎముక ఇన్ఫెక్షన్‌కు ఈ గాజు ఒక్కటే చాలు.

వాస్తవం: ఈ గాజుల్లో ఎస్53పీ4 అనే రకం కరిగేటప్పుడు చుట్టూ క్షారగుణం, లవణాల గాఢత పెరుగుతాయి. బ్యాక్టీరియా బతకడం కష్టమవుతుంది. అయినా చచ్చిన ఎముకను సర్జన్ శుభ్రంగా తీసేయాల్సిందే, యాంటీబయాటిక్స్ వాడాల్సిందే. డాక్టర్‌ను అడగకుండా మందులు ఆపేయకండి.

అపోహ: ఎక్స్‌రేలో గుళికలు ఇంకా కనిపిస్తున్నాయంటే ఆపరేషన్ ఫెయిలైనట్టే.

వాస్తవం: కాదు. ఎస్53పీ4 నిదానంగా కరుగుతుంది, ఏళ్ల తర్వాత కూడా గుళికలు కనిపించవచ్చు. తొందరగా కరిగితే మంచిదనుకోవడమూ పొరపాటే, ఎముక పెరిగేలోపే గాజు కరిగిపోతే అక్కడ ఖాళీ మిగిలిపోతుంది. టెన్షన్ పడకుండా పాత ఎక్స్‌రేలు దాచుకుని, కొత్తదాంతో కలిపి డాక్టర్‌కు చూపించండి. గుళికల అంచుల దగ్గర ఎముక పెరిగిందో లేదో ఆ రెండూ పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది.