ఎప్సమ్ డెర్బీ: మా చుట్టాల మాటలు, గుర్రాల లెక్కలు

ముప్పై ఏళ్లుగా తెల్లవారకముందే లేచి గుర్రాలకు ట్రాక్ వర్క్ చేయిస్తున్నాను. పెళ్లిళ్లలో కలిసిన చుట్టాలు ముందు అడిగేది "ఈసారి ఏ గుర్రం వస్తుంది?" అని. ఆ తర్వాత డెర్బీ గురించి. ఊరూరా ఉన్న డెర్బీలన్నిటికీ మూలం ఇంగ్లండ్‌లోని ఎప్సమ్‌లో జరిగే గుర్రప్పందెం, ఎప్సమ్ డెర్బీ. దాని గురించి వాళ్లు చెప్పే మాటల్లో సగం తప్పులే.

అపోహ: చదునైన పచ్చిక, ఎక్కువ స్పీడున్న గుర్రం గెలుస్తుంది.

ఎప్సమ్‌లో చదునైన చోటు కోసం వెతుక్కోవాలి. రేసు మైలున్నర. మొదటి సగం ఎక్కుడు, దాదాపు 40 మీటర్ల ఎత్తు. ముందు కాస్త కుడికి, తర్వాత ఎడమకు తిరగాలి. అక్కడి నుంచి టాటెన్‌హామ్ కార్నర్ అనే మలుపు దాకా వంపు తిరుగుతూనే దిగాలి. ఆపైన మూడున్నర ఫర్లాంగుల స్ట్రెయిట్ (మలుపుల్లేని ఆఖరి దారి) కూడా లోపలి రెయిలింగు వైపు ఒరిగి ఉంటుంది. ఆఖరి వంద గజాల్లో మళ్లీ ఎక్కుడు.

రేసు లేని రోజు ఒకసారి అక్కడ నిలబడి చూశాను. కుడికాలు మిట్ట మీద, ఎడమకాలు పల్లంలో ఉన్నట్టుంది. అరటన్ను గుర్రం అంత వేగంతో దిగుతుంటే బరువంతా ముందుకాళ్ల మీదే పడుతుంది. అలవాటు లేనిదైతే మెడ పైకెత్తేసి, పొట్టి అడుగులు వేస్తూ పక్కకు జరుగుతుంది. కళ్లెం బిగిస్తే ఊపు పోతుంది, వదిలితే వంపులో బయటికి కొట్టుకుపోతుంది. జాకీ (గుర్రం నడిపే రౌతు) లెస్టర్ పిగట్ ఈ రేసు తొమ్మిదిసార్లు గెలిచాడంటే మంచి గుర్రాలు దొరకడం ఒక్కటే కారణం కాదు. ఆ దిగుడులో గుర్రాన్ని కుదురుగా ఉంచే చేతులు అవి.

అపోహ: మొదటి నుంచీ ఇదే రేసు, పేరు నాణెం ఎగరేసి పెట్టారు.

1780లో మొదటి డెర్బీ ఒక్క మైలే. మైలున్నర చేసింది 1784లో. రేసుకు ఎవరి పేరు పెట్టాలని లార్డ్ డెర్బీ, సర్ చార్లెస్ బన్‌బరీ అనే ఇద్దరు పెద్దమనుషులు బొమ్మా బొరుసా వేసుకున్నారన్నది చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ, గట్టి ఆధారం లేదు. పేరు డెర్బీది, మొదటి గెలుపు మాత్రం బన్‌బరీ గుర్రం డయోమెడ్‌ది. ముసలిదైందని 21 ఏళ్ల వయసులో దాన్ని 50 గినీలకు (అప్పటి ఇంగ్లండ్ నాణేలు) అమెరికాకు పంపేశారు. అక్కడ సర్ ఆర్చీ లాంటి గుర్రాలకు తండ్రై, ఆ దేశపు రేసుగుర్రాల వంశానికే పెద్దదిక్కయింది. గుర్రం పని అయిపోయిందని ఎవరైనా అంటే నాకు డయోమెడ్ గుర్తొస్తుంది.

అపోహ: 1913లో ఎమిలీ డేవిసన్ రేసును ఆపేసింది.

రేసు ఆగలేదు. ఆడవాళ్ల ఓటుహక్కు కోసం పోరాడుతున్న ఆమె ట్రాక్ మీదికి వచ్చేసరికి చాలా గుర్రాలు దాటిపోయాయి. రాజుగారి గుర్రం ఆన్మర్ వెనకబడి వస్తోంది. చోటు సరిగ్గా టాటెన్‌హామ్ కార్నర్. అక్కడ అంత ఊపుతో వచ్చే గుర్రాన్ని ఆపడం ఏ జాకీ తరమూ కాదు. ఆమె నాలుగు రోజులకు చనిపోయింది. ఆ రోజు ముందు చేరిన క్రాగనార్‌ను పక్క గుర్రాన్ని గుద్దిందని తప్పించి, పందెంలో 100కు 1 ధర ఉన్న (అంటే గెలుస్తుందని ఎవరూ అనుకోని) అబోయర్‌కు గెలుపు ఇచ్చారు. ఆ గొడవ వేరు, ఈ విషాదం వేరు.

అపోహ: ఆడగుర్రాలు గెలవలేవు.

ఆరు గెలిచాయి. మొదటిది 1801లో ఎలినార్, ఆఖరిది 1916లో ఫిఫినెల్లా.

అపోహ: మనవాళ్లకు అక్కడ ఏం పని?

1934లో గెలిచిన విండ్సర్ లాడ్ యజమాని గుజరాత్‌లోని రాజ్‌పిప్లా మహారాజా. ఇంకో తేడా కూడా గుర్తుంచుకోండి: ముంబయిలో జరిగే ఇండియన్ డెర్బీ నాలుగేళ్ల గుర్రాలకు, ఎప్సమ్‌ది మూడేళ్ల వాటికి.

అపోహ: గుర్రాలంటే ప్రాణమైన ఎలిజబెత్ రాణి డెర్బీ కూడా కొట్టే ఉంటారు.

లేదు. పట్టాభిషేకమైన నాలుగు రోజులకే, 1953లో, ఆమె గుర్రం ఆరియోల్ రెండో స్థానంలో వచ్చింది. గెలిచిన పిన్జా మీద ఉన్నది గోర్డన్ రిచర్డ్స్. ఆ వారమే నైట్‌హుడ్ ప్రకటించిన ఆ జాకీకి డెర్బీలో అది 28వ ప్రయత్నం, ఒకే ఒక్క గెలుపు.