టోకెన్ పడింది, పైసలు పడలేదు

తెలంగాణలో రిటైరైన ఉద్యోగులకు సర్కారు చెల్లించాల్సిన బకాయిల గొడవ మళ్ళీ రాజుకుంది. హనుమకొండ ఏకశిలా పార్కు దగ్గర టెంటు వేసిన ప్రతిసారీ డీఏలు (కరువు భత్యం), పీఆర్సీ (వేతన సవరణ), హెల్త్ కార్డులు, బకాయిలు అన్నీ ఒకే కరపత్రంలోకి ఎక్కుతాయి. దాంతో అసలు ముడి ఎక్కడ పడిందో కనబడకుండా పోతోంది. ఆ ముడి పడ్డది 2021 మార్చి 22న.

ఆ రోజు అసెంబ్లీలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ రెండు ప్రకటనలు చేశారు. ఒకటి మూలవేతనం పెంచే 30 శాతం ఫిట్‌మెంట్, రెండోది రిటైర్మెంట్ వయసు 58 నుంచి 61కి పెంపు. వేతన సవరణకు వేసిన బిస్వాల్ కమిషన్ ఫిట్‌మెంట్ 7.5 శాతం చాలంది, వయసు 60 అంది. రెండింటిలోనూ అంతకంటే ఎక్కువే దక్కింది కాబట్టి సంఘాలు పాలాభిషేకాలు చేశాయి. లెక్క అడిగినవాళ్ళు తక్కువ.

లెక్క చిన్నదే. మూలవేతనం 80 వేలున్న ఆఫీసు సూపరింటెండెంట్ దిగిపోతుంటే 300 రోజుల సంపాదిత సెలవుకు పది నెలల జీతం ఇవ్వాలి. డీఏ కలపకుండానే అది 8 లక్షలు. గ్రాట్యుటీ పదహారున్నర నెలల జీతం, గరిష్ఠం 16 లక్షలు. వీటికి తోడు కమ్యుటేషన్ (పింఛనులో కొంత భాగానికి ముందే ఇచ్చే మొత్తం), జీపీఎఫ్ (భవిష్య నిధి), ప్రభుత్వ బీమా. వయసు మూడేళ్ళు పెరగడంతో వయసు మీద దిగిపోయేవాళ్ళు 2024 మార్చి దాకా దాదాపు లేకుండా పోయారు. ఖజానాకు మూడేళ్ళు ఊపిరాడింది. పీఆర్సీలో 2020 ఏప్రిల్ నుంచి 2021 మార్చి దాకా పన్నెండు నెలల బకాయిని కూడా రిటైరయ్యే రోజుకే ముడిపెట్టారు. ఖర్చు తగ్గలేదు, తారీఖు మారిందంతే. పైవాడు దిగకపోతే కిందివాడికి ప్రమోషన్ లేదు కనుక సెక్షన్లలో నలభై దాటినవాళ్ళు అదే కుర్చీలో ఉండిపోయారు.

ఈ వాయిదా వైద్యం అంతకు ఏడాది ముందే అలవాటైంది. 2020 మార్చి చివర కరోనా పేరిట చాలామంది ఉద్యోగుల జీతంలో సగం ఆపారు, పింఛన్లలోనూ ఆపారు. దానికి చట్టబలం కావాలని జూన్‌లో ఆర్డినెన్స్ తెచ్చారు. కోత అనలేదు, వాయిదా అన్నారు. ఆ మాట అప్పుడు చెల్లింది కాబట్టే తర్వాతా చెల్లుతోంది.

2024 మార్చి 31 నుంచి రిటైర్మెంట్ల తలుపు మళ్ళీ తెరుచుకుంది. అప్పటికి ప్రభుత్వం మారింది. రాష్ట్రంపై 6.71 లక్షల కోట్ల అప్పు పడిందని, అయినా జీతాలు ఒకటో తారీఖుకే ఇస్తున్నామని కొత్త ప్రభుత్వం అంటోంది. 2025 జూన్‌లో నెలకు 700 కోట్ల చొప్పున ఉద్యోగుల బకాయిలు తీరుస్తామనీ చెప్పింది.

బకాయి ఎక్కడ ఆగుతుందో చూస్తే కోపం ఎందుకో తెలుస్తుంది. పింఛను కాగితాలు ఆరు నెలల ముందే కదులుతాయి. దిగిపోయాక సెక్షన్ అసిస్టెంట్ సర్కారు ఆన్‌లైన్ బిల్లుల వ్యవస్థ ఐఎఫ్‌ఎంఐఎస్‌లో బిల్లు చేస్తాడు, డీడీవో, అంటే బిల్లులు పెట్టే అధికారి, సంతకంతో ట్రెజరీకి పోతుంది, టోకెన్ నంబర్ పడుతుంది. ట్రెజరీ పాస్ చేశాక ఈ-కుబేర్‌కు, అంటే రిజర్వ్ బ్యాంకు చెల్లింపుల వరుసకు చేరుతుంది. అక్కడి నుంచి ఎప్పుడు వదలాలన్నది హైదరాబాద్‌లో ఆర్థిక శాఖ చేతిలో ఉంటుంది. హనుమకొండ ట్రెజరీలో అడిగితే ‘మా దగ్గర ఏం లేదు సార్, పాస్ చేసినం’ అంటారు. అబద్ధం కాదు. వెనకటికి బిల్లు పాసైతే బ్యాంకులో డబ్బు పడేది, ఆగితే ఏదో అబ్జెక్షన్ రాసేవాళ్ళు, దాన్ని సరిచేసి మళ్ళీ పెట్టేవాళ్ళు. ఇప్పుడు సరిచేయడానికి తప్పంటూ ఉండదు. మార్చి 31 దాటితే మాత్రం ఆగిన బిల్లు మురిగిపోతుంది, కొత్త టోకెన్‌తో మొదటికొస్తుంది.

పైగా ఇందులో జీపీఎఫ్ సర్కారు ఇచ్చేది కాదు, ఉద్యోగి జీతంలోంచి నెలనెలా కోసుకున్న సొమ్ము. బీమా ప్రీమియమూ అంతే. కొత్త ఖర్చు తగ్గించుకోవడం వేరు, దాచుకున్నదాన్ని ఆపడం వేరు. అప్పుల పద్దు చదివేవాళ్ళు ఈ తేడా దాటేస్తున్నారు. చాలామంది హైకోర్టుకు పోయింది ఇందుకే. కోర్టు చెప్పినవాళ్ళకు ముందు చెల్లిస్తే, పోనివాళ్ళు ఇంకా వెనక్కి జరుగుతారు.

పనిలో ఉన్నవాళ్ళ మనసు విరిగేది ఇక్కడే. నిన్నటిదాకా పక్క కుర్చీలో ఉన్న పెద్దసారు నెలకోసారి టోకెన్ చీటీ పట్టుకుని అదే సెక్షన్‌కు వస్తాడు. అక్కడి అసిస్టెంట్ నంబర్ కొట్టి స్క్రీన్ ఆయన వైపు తిప్పుతాడు. బిడ్డ పెళ్ళికని ఆ అసిస్టెంట్ పెట్టుకున్న జీపీఎఫ్ పార్ట్ ఫైనల్ (దాచుకున్నదాంట్లో కొంత తీసుకునే) బిల్లు కూడా ఆ వరుసలోనే ఉంది.