మిద్దె మీద మీరడిగిన ప్రశ్నలకు జవాబు

పిల్లలూ,

దసరా సెలవుల్లో మిద్దె మీద పడుకున్నప్పుడు విమానాల గురించి మీరడిగిన ప్రశ్నలకు ఆ రాత్రి సగం సగమే జవాబు చెప్పాను. మీకు నిద్ర ముంచుకొచ్చింది, నాకూ వచ్చింది. చిన్నోడు మాత్రం నిద్రపోలేదు. వచ్చే నెల నాన్న కువైట్ పోతున్నాడు, విమానం కూలిపోతే ఎట్లా అని దుప్పట్లో ముఖం దాచుకుని ఏడ్చాడు. అది చూసినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

గల్ఫ్‌లో ఒక ఎయిర్‌పోర్టులో 17 ఏళ్ళు విమానాలకు సామాను ఎక్కించి దించే పని చేశాను. నేను ఇంజనీరును కాదు. విమానం పొట్ట కింద నిలబడి కళ్ళతో చూసినవి, మాతో పనిచేసిన మలయాళీ మెకానిక్ ఓపికగా విడమరిచి చెప్పినవి, ఇవే నా చదువు.

ముందు ఆకాశంలో విమానం వెనక కనిపించే ఆ తెల్ల గీత సంగతి. అది మరుగుదొడ్డి నీళ్ళని మీలో ఒకరన్నారు. కాదు. విమానంలో మరుగుదొడ్డిది వెనక్కి లాక్కునే గాలి గొట్టం. అంతా పోయి లోపలున్న ట్యాంకులో పడుతుంది. విమానం దిగాక ఒక బండి వచ్చి, పైపు తగిలించి, ఆ ట్యాంకు ఖాళీ చేస్తుంది. ఆ బండి పక్కన నేను ఎన్నో రాత్రులు నిలబడ్డాను. ఇక గీత ఎక్కడిదంటారా, ఇంజన్‌లో కిరోసిన్ లాంటి ఇంధనం మండితే పొగతో పాటు నీటి ఆవిరి కూడా వస్తుంది. 10, 11 కిలోమీటర్ల ఎత్తున చలి సున్నాకు 50 డిగ్రీలు కింద ఉంటుంది. బయటకొచ్చిన ఆవిరి అక్కడే మంచు రవ్వలుగా గడ్డకడుతుంది. సంక్రాంతి పొద్దున మీ నోట్లోంచి పొగ వచ్చినట్టే. పైన గాలి పొడిగా ఉంటే గీత వెంటనే మాయమవుతుంది, తేమగా ఉంటే చాలాసేపు నిలుస్తుంది.

పెద్దమ్మాయి అడిగిన ప్రశ్న నాకు అన్నిటికన్నా నచ్చింది. భూమి తిరుగుతోంది కదా తాతా, విమానం పైకెగిరి అక్కడే ఆగితే అమెరికా తనే కిందికి రాదా అని. బాగా ఆలోచించే బుర్రకే ఆ ప్రశ్న వస్తుంది. భూమి నిజంగానే తిరుగుతోంది. మన పాలమూరు ఉన్న చోట గంటకు సుమారు 1,600 కిలోమీటర్ల వేగం. కానీ భూమి ఒక్కటే తిరగదు, దాని మీదున్న గాలిని కూడా వెంటబెట్టుకుని తిరుగుతుంది. జడ్చర్ల నుంచి హైదరాబాద్ పోయే బస్సులో నిలబడి ఒక్క ఎగురు ఎగిరి చూడు. వెనక సీటు మీద పడవు, ఎక్కడ ఎగిరావో అక్కడే దిగుతావు. బస్సు వేగం నీకూ ఉంది. విమానం సంగతీ అంతే. అయితే ఒకటుంది. చాలా ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వీచే బలమైన గాలులున్నాయి. అందుకే హైదరాబాద్ నుంచి లండన్ పోవడానికి పట్టేంత టైం తిరిగి రావడానికి పట్టదు. వచ్చేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది.

ఇప్పుడు చిన్నోడి భయం. ఆకాశంలో గుంతలుంటాయి, వాటిలో పడితే విమానం రాయిలా కిందికి పోతుందని ఎవరో చెప్పారట. గాలిలో గుంతలుండవు బిడ్డా. గాలి ఒక చోట పైకి లేస్తుంది, ఒక చోట కిందికి దిగుతుంది, ఆ రెండూ కలిసే చోట విమానం ఊగుతుంది. మన ఊరి మట్టిరోడ్డు మీద ఆటో ఊగితే మనం భయపడతామా? రెక్కలు వంగి లేచేటట్టే కడతారు, గట్టిగా బిగుసుకుని ఉంటేనే ప్రమాదం. ఆ కుదుపుల్లో దెబ్బలు తగిలేది ఎక్కువగా బెల్టు పెట్టుకోని వాళ్ళకే. నాన్నకు ఆ ఒక్క మాట చెప్పు, కూర్చున్నంతసేపూ బెల్టు తీయొద్దని.

ఇంజన్ ఆగిపోతే? రెండింజన్ల విమానం ఒక్కదానితో ఎగిరి క్షేమంగా దిగగలదు. రెండూ ఆగినా వెంటనే పడిపోదు, గద్ద రెక్క ఆడించకుండా జారినట్టు చాలా దూరం జారుతుంది. 2001 ఆగస్టులో కెనడా నుంచి పోర్చుగల్ పోతున్న విమానానికి అట్లాంటిక్ సముద్రం మీద ఇంధనం మొత్తం అయిపోయింది. రెండింజన్లూ ఆగాయి. పైలట్లు 19 నిమిషాలు అలాగే జారించుకుంటూ పోయి ఒక దీవిలో దించారు. 306 మందిలో ఒక్క ప్రాణం పోలేదు.

ప్రమాదాలు జరగవని మాత్రం మీకు అబద్ధం చెప్పను. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఏం జరిగిందో మీరూ టీవీలో చూశారు. విమానంలోని 242 మందిలో ఒక్కరే బతికారు. నేను కూడా ఆ రోజు అన్నం తినలేకపోయాను. కానీ విమానం పడితే ప్రపంచమంతా ఆగి చూస్తుంది. ఎగిరేటప్పటి వివరాలు రికార్డు చేసే బ్లాక్ బాక్స్ వెతికి, కారణం పట్టుకుని, మిగతా విమానాల్లో ఆ తప్పు రాకుండా చూస్తారు. (దాని పేరే బ్లాక్ బాక్స్, రంగు నారింజ, శిథిలాల్లో తొందరగా కనిపించాలని.) మన రోడ్ల మీద 2022 ఒక్క ఏడాదిలో 1,68,491 మంది చనిపోయారు. వాళ్ళ కోసం ఎవరూ ఆగి చూడలేదు. నాన్న ప్రయాణంలో శంషాబాద్ దాకా పోయే హైవేనే నన్ను ఎక్కువ భయపెడుతుంది.

చెవులు పట్టేస్తే గుటకలు వేయాలి, చాక్లెట్ చప్పరించాలి. దానికి అంతకన్నా మందు లేదు.

సామాను గురించి కొంచెం జాగ్రత్తగా వినండి, ఇది నా పని కదా. పవర్ బ్యాంకు పెద్ద పెట్టెలో పెట్టొద్దు, చేతి సంచిలోనే ఉండాలి. దాని బ్యాటరీ అంటుకుంటే మనుషుల మధ్య ఉన్నప్పుడు ఆర్పగలరు, కింద సామాను గదిలో ఆర్పడం కష్టం. పచ్చడి సీసా చేతి సంచిలో పెడితే చెకింగ్‌లో తీసేస్తారు. ఇక అన్నిటికన్నా ముఖ్యం గసగసాలు. మటన్‌లోకి అమ్మ ఒక పొట్లం కట్టి ఇస్తుంది. గల్ఫ్ దేశాల్లో గసగసాలు మాదక పదార్థం కింద లెక్క, వాటి వల్ల జైలుకు పోయిన వాళ్ళున్నారు. దగ్గు మందులూ నొప్పి బిళ్ళలూ కొన్ని అక్కడ నిషేధం. డాక్టరు చీటీ లేకుండా ఏ మందూ పోకూడదు. "మా తమ్ముడికి ఇయ్యన్నా" అని ఎవరైనా పొట్లం ఇస్తే, విప్పి చూడకుండా ముట్టుకోవద్దు.

ఇంతవరకూ రాసినవి మనుషులు భయపడేవి. ఇక వాళ్ళు భయపడనివి రాస్తాను. నా జీవితంలో నన్ను ముంచింది విమానం కాదు, కాగితం.

మొదటిసారి దుబాయి పోయినప్పుడు ఒక ఏజెంటు 'ఆజాద్ వీసా' అన్నాడు. ఎక్కడైనా, ఎవరి దగ్గరైనా పని చేసుకోవచ్చన్నాడు. నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి కట్టాను. అక్కడికి పోయాక తెలిసింది, ఆజాద్ వీసా అనేది చట్టంలోనే లేదు. వీసా మీద ఒక కఫీల్ పేరుంటుంది, అంటే మనల్ని పనికి పిలిపించుకున్న యజమాని. అతని దగ్గర కాకుండా వేరే చోట పని చేస్తే ఖల్లివెల్లి అయినట్టే, అంటే చట్టం లెక్కలో లేని మనిషి, పట్టుబడితే జైలు. నా పాస్‌పోర్టు కఫీల్ తీసుకుని దాచుకున్నాడు. రాత్రి పూట మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపిస్తే పోలీసులని వణికేవాణ్ణి. 1996లో అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటిస్తేనే ఇల్లు చూశాను. అప్పు తీరడానికి మరో నాలుగేళ్ళు పట్టింది. ఎయిర్‌పోర్టు పని రెండోసారి, కంపెనీ వీసా చేత పట్టుకుని పోయినప్పటిది.

పాస్‌పోర్టు ఎవరిదో అప్పుడు నాకు తెలియదు. 1967 చట్టం ప్రకారం అది భారత ప్రభుత్వం ఆస్తి. కఫీల్‌దీ కాదు, ఏజెంటుదీ కాదు.

పదో తరగతి పాస్ కాని వాళ్ళ పాస్‌పోర్టును ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్, అంటే పోయే ముందు తనిఖీ కావాలని) అంటారు. కువైట్, సౌదీ, దుబాయి, ఖతార్ లాంటి 18 దేశాలకు పనికి పోవాలంటే వాళ్ళు ప్రభుత్వం అనుమతి తీసుకోవాలి. మన ఊళ్ళో దాన్ని ఒక శిక్ష అనుకుంటారు, చదువుకోలేదని వేసిన ముద్ర అనుకుంటారు. అది కంచె బిడ్డా. జీతం ఎంత, పని ఏంటి అని ప్రభుత్వం ముందే కాగితం చూస్తుంది. 10 లక్షల ప్రమాద బీమా కూడా చేయిస్తారు. "ఆ తిప్పలెందుకు, విజిట్ వీసా మీద పో, అక్కడ మార్చుకోవచ్చు" అనే ఏజెంటు నాన్నను ఆ కంచె దాటిస్తున్నాడు. రిజిస్టరైన ఏజెంటు కూలికి పోయే మనిషి దగ్గర 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. ప్రభుత్వం నడిపే ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో చూసుకోవచ్చు. మీ ఫోన్లలో ఆటలు ఆడగలిగిన వాళ్ళు ఇది చూడలేరా?

అమెరికా పోతానన్న పెద్దమ్మాయికి కూడా ఒక మాట. చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చెయ్యి, వీసా వచ్చాక 108 చెయ్యి, నేనూ నీతో నడుస్తాను. కానీ ఇంటర్వ్యూలో ఎవరో నేర్పిన మాట చెప్పొద్దు, ఉన్నది చెప్పు. వీసా స్టాంపు పడితే అయిపోయిందని కూడా అనుకోవద్దు. అక్కడ దిగాక రానివ్వాలా వద్దా అనేది ఇమ్మిగ్రేషన్ ఆఫీసరు చేతిలో ఉంటుంది. కాలేజీ కాగితాలు పెద్ద పెట్టెలో కాకుండా చేతిలో పెట్టుకో.

చిన్నోడా, నాన్న ఎనిమిదో తరగతి దాకే చదివాడు కాబట్టి పాస్‌పోర్టు ఈసీఆర్‌దే అయి ఉంటుంది. వీసా కాగితం మీద పని రాసుందా, విజిట్ అని రాసుందా చూడాలి. టికెట్టుకు డబ్బు కట్టకముందే చూడాలి. ఆదివారం పొద్దున కాగితాలన్నీ పట్టుకుని నాన్నను మా ఇంటికి తీసుకురా. అరబ్బీ అక్షరాలు నాకు ఇంకా గుర్తున్నాయి. నువ్వూ పక్కన కూర్చో, ఇంగ్లీషు ముక్క నువ్వు చదువు, అరబ్బీ ముక్క నేను చదువుతాను.

మీ తాత