గోపురాన్ని దాచేది అపార్ట్‌మెంటే కాదు: కొన్ని అపోహలు - వాస్తవాలు

కడపలో బిల్డింగ్ ప్లాన్లు గీసి అప్రూవల్ తెప్పిచ్చే పని నాది. ఒంటిమిట్ట పక్క సైటు ఉన్నోళ్లు ఎవరొచ్చినా ఇవే మాటలు, సరే ఒకసారి రాసి పెడితే నాకూ గొంతు నొప్పి తగ్గుతుందని కూర్చున్నా.

అపోహ: గుడి దగ్గర మిద్దె కట్టనీరు, పాత ఇంటికి రిపేరు కూడా చేసుకోనీరు.

వాస్తవం: సగమే నిజం. ఒంటిమిట్ట కోదండరామాలయం కేంద్ర పురావస్తు శాఖ కింద ఉంది కాబట్టి పాత కట్టడాలను కాపాడే 1958 చట్టం, దానికి 2010లో వచ్చిన సవరణ వర్తిస్తాయి. మొదటి 100 మీటర్లలో కొత్తగా కట్టనీరు, ఆ తర్వాత ఇంకో 200 మీటర్లు పర్మిషన్‌తో కట్టుకోవచ్చు. 1992 జూన్ 16కి ముందు నుంచి ఉన్న ఇల్లైతే 100 మీటర్ల లోపల ఉన్నా రిపేరుకు అప్లై చేసుకోవచ్చు. ఇంకో మాట, టేపు గోపురం కాడ నుంచి పట్టరు, రక్షిత స్థలం హద్దు నుంచి పడతారు, చానామంది ఇక్కడే బోల్తా పడేది. నిషేధం ఉన్న చోట కడితే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా ఫైను, రెండూ కూడా పడొచ్చు.

అపోహ: 300 మీటర్లు దాటినాక ఏం కట్టినా గోపురానికి అడ్డం రాదు.

వాస్తవం: ఇదే పెద్ద పొరపాటు. లెక్క కోసం 75 అడుగుల గోపురం అనుకోండి, మీరు 400 మీటర్ల దూరంలో రోడ్డు మీద నిలబడినారు, మీ కన్ను 5 అడుగుల ఎత్తులో ఉంది. మీకు 50 మీటర్ల ముందర, అంటే గోపురానికి 350 మీటర్ల దూరంలో, ఒక అంగడి పైన బోర్డుతో కలిపి 14 అడుగులు ఉంటే చాలు, గోపురం కలశంతో సహా మాయం! అదే పని గోపురానికి 200 మీటర్ల దగ్గరున్న బిల్డింగ్ చెయ్యాలంటే 40 అడుగులు లేవాల. అంటే గుడి పక్కనోడి మిద్దె కంటే మన ముందరోడి బోర్డే ఎక్కువ దాస్తుంది, కానీ చట్టం పక్కనోడి మీదే ఉంది. లండన్‌లో దీన్ని తిరగేసి ఆలోచించినారు, సెయింట్ పాల్స్ చర్చి గుమ్మటం 16 కిలోమీటర్ల దూరంలో రిచ్‌మండ్ పార్కు దిబ్బ మీద నుంచి కూడా కనపడాలని రూలు పెట్టుకున్నారు, మనిషి నిలబడే చోటు నుంచి గీత గీసి దాని కింద ఎవరెంత ఎత్తు కట్టాలో చూస్తారు. మన మాస్టర్ ప్లాన్లలో కూడా అట్లాంటి నాలుగు గీతలు గీస్తే పోయేదేముంది?

అపోహ: ఈ రూళ్లన్నీ గుళ్లకే.

వాస్తవం: కాదు. గండికోటలో మాధవరాయ గుడికీ జామియా మసీదుకూ ఒకటే చట్టం.

అపోహ: ఎండోమెంట్స్ కిందో వక్ఫ్ కిందో ఉంటే వాళ్లే చూసుకుంటారు.

వాస్తవం: వాళ్లది గుడి, దర్గా నిర్వహణ, వాటి ఆస్తులు. ఎదురింటాయన ఎన్ని అంతస్తులు లేపాలనేది ప్లాన్ పాస్ చేసే ఆఫీసు చేతిలో ఉంటది.

ఫ్లెక్సీల సంగతి అడగొద్దు. నవమి ఉత్సవాలకు వచ్చే భక్తులకు స్వాగతం అని కట్టే ఫ్లెక్సీలే గోపురాన్ని సగం కప్పేస్తాయి, దానికి నేనేం ప్లాన్ గీయాల?